ఇనుముకూ భుజానికీ మధ్య

బర్మింగ్‌హామ్ నగరంలో స్నోహిల్ రైలు స్టేషను వెలుపలికి వచ్చి కొద్ది దూరం నడిస్తే స్టీల్‌హౌస్ లేన్ అనే వీధి తగులుతుంది. పద్దెనిమిదవ శతాబ్దంలో ఇనుమును ఉక్కుగా మార్చే కొలుములు ఇక్కడ ఉండేవి. కొలుములు పోయాయి, పేరు మిగిలింది. నేడు ఆ వీధిలో ఎర్ర ఇటుకల పెద్ద భవనంలో పిల్లల ఆసుపత్రి నడుస్తున్నది. నలతగా ఉన్న బిడ్డలను భుజాన వేసుకుని తల్లిదండ్రులు లోపలికి వెళ్తూ ఉంటారు. రెండు శతాబ్దాల క్రితం ఇదే వీధిలో గాల్టన్ అనే కుటుంబం తుపాకులు చేయించి దేశదేశాలకు పంపింది. మనిషి భుజానికి ఎన్ని రకాల బరువులు రాసిపెట్టి ఉన్నాయో ఈ ఒక్క వీధి చెప్పగలదు.

వీధి దాటి, నగరం నడుమ చుట్టూ తిరిగే పెద్ద రహదారిని కూడా దాటితే, ప్యూజిన్ అనే వాస్తుశిల్పి రూపకల్పన చేయగా 1841లో పూర్తయిన సెయింట్ చాడ్ కెథడ్రల్ జంట శిఖరాలు కనిపిస్తాయి. దాని వెనుక ఉన్న లవ్‌డే స్ట్రీట్, ప్రైస్ స్ట్రీట్ మొదలైన ఇరుకు వీధులను కలిపి తుపాకుల పేట అంటారు. పేట అనగానే పెద్ద కర్మాగారాలను ఊహించుకోనక్కరలేదు. ఇక్కడ తుపాకి ఒక కప్పు కింద తయారయ్యేది కాదు. గొట్టాన్ని సాగగొట్టేవాడు ఒకడు, దాన్ని తొలిచి నున్న చేసేవాడు ఒకడు, పేల్చే యంత్రాంగాన్ని ఆకురాయితో అరగదీసి కుదిర్చేవాడు ఒకడు, అక్రోటు కర్రను చెక్కి దానికి జోడించేవాడు మరొకడు, చివరకు ఇనుము మీద ఆకులూ పక్షులూ చెక్కేవాడు ఇంకొకడు. పెరటి గదిలోనో మేడ మీది చిన్న అరలోనో ఎవరి బల్ల వారిది. సగం తయారైన భాగాలను మోసుకుని కుర్రవాళ్లు ఒక గుమ్మం నుంచి మరొక గుమ్మానికి పరుగులు తీసేవారు. నెపోలియన్‌తో యుద్ధాలు సాగిన కాలంలో, 1804 నుంచి 1815 వరకు, ఈ చిన్న చిన్న బల్లల మీదనే 17 లక్షలకు పైగా సైనిక తుపాకులు తయారయ్యాయి.

1960వ దశకంలో నగరపు చుట్టు రహదారి కోసం పేటలో చాలా భాగాన్ని పడగొట్టారు. 2011లో పేరు కూడా మార్చారు; తుపాకి అనే మాట పేటకు గౌరవం కాదని కొందరి అభిప్రాయం. కాని ఆ పేరు తమ తాతల చేతిపనికి గుర్తు అని మరికొందరు పట్టుబట్టడంతో పాత పేరే తిరిగి వచ్చింది. నేడు వేళ్ల మీద లెక్కపెట్టదగిన దుకాణాలూ పనివాళ్లూ మాత్రం మిగిలారు. అక్కడికి వచ్చేవారిలో కొత్త తుపాకి కోసం వచ్చేవారు కొద్దిమందే. చాలామంది పాత తుపాకిని పట్టుకుని, ఒక చిన్న సమస్యతో వస్తారు.

తాత కొలతలు, మనుమడి భుజం

ఆ సమస్య వారసత్వానిది. ఇంగ్లండు పల్లెల్లో తాతల నాటి జంట గొట్టాల తుపాకి తండ్రికీ, తండ్రి నుంచి కొడుకుకో కూతురికో దిగి రావడం మామూలు. పేరున్న పనివాడు చేసిన తుపాకి బజారులో దొరికిన చెప్పు వంటిది కాదు. ఒక మనిషి కోసం కొలిచి కుట్టిన కోటు వంటిది. కొనేవాడి చేయి పొడవు, మెడ, చెంప ఎముక, ఛాతీ వెడల్పు అన్నీ చూసి కర్రను చెక్కేవారు. కుడిచేతి వాటం ఉన్నవాడికి కర్రను గొట్టాల వరస నుంచి ఒక పిసరు కుడివైపుకు వంచేవారు. తుపాకి భుజానికి ఎత్తగానే కన్ను దానంతట అదే గొట్టాల నడిమి గీత మీదికి రావాలి. వెతుక్కోవలసి వస్తే అది కుదిరిన తుపాకి కాదు.

ఈ కొలతలన్నిటిలో ముఖ్యమైనది ట్రిగ్గరు నుంచి తుపాకి మడమ నడిమి దాకా ఉండే పొడవు. పన్నెండు బోరు తుపాకులకు ఇది సాధారణంగా 14 నుంచి 14½ అంగుళాల వరకు ఉంటుంది. తాత పొట్టివాడై మనుమడు పొడగరి అయితే, తాతకు సరిగ్గా సరిపోయిన తుపాకి మనుమడికి కురచ అవుతుంది. పేల్చినప్పుడు బొటనవేలి కణుపు వచ్చి ముక్కుకు తగులుతుంది. మడమ భుజపు గుంటలో కుదురుగా కూర్చోక, దెబ్బ ఎముక మీద పడుతుంది.

దీనికి రెండు మార్గాలున్నాయి. కర్ర మడమను కోసి, రబ్బరు దిమ్మను మరలతో బిగించి, కావలసిన పొడవుకు శాశ్వతంగా సరిదిద్దడం ఒకటి. కోయకుండా, మరలు దించకుండా, మేజోడు తొడిగినట్లు మడమ మీద ఒక తోలు తొడుగు తొడగడం రెండవది. మొదటిది కుదురైన పని. కాని కోసిన అక్రోటు కర్ర మళ్లీ అతకదు. నూరేళ్లనాటి కర్రలో పొగరంగు చారలు మడమ దగ్గరే చూడముచ్చటగా ఉంటాయి. రంపం పడేది సరిగ్గా అక్కడే. పైగా ఈ మనుమడి తరువాత ఆ తుపాకి ఎవరి భుజానికి వెళ్తుందో ఎవరికి తెలుసు? అందువల్ల అనుభవం ఉన్న పనివాళ్లు, రంపం తీసే ముందు కొన్నాళ్లు తొడుగుతో వాడి చూడమంటారు. తొడుగు తప్పయితే విప్పేయవచ్చు. కోత తప్పయితే చేసేదేమీ లేదు.

తుపాకి ఎందుకు తన్నుతుంది?

తొడుగును ఎంచుకోవాలంటే ముందు అది దేనిని ఆపుతుందో, దేనిని ఆపలేదో తెలియాలి. న్యూటన్ మూడవ సూత్రం తుపాకి విషయంలో ఎవరినీ ఉపేక్షించదు. సీసపు గుళ్లు ఎంత ఊపుతో ముందుకు పోతాయో, వాటి వెనుక ఎగజిమ్మే వాయువుల ఊపును కూడా కలుపుకుని, అంత ఊపుతోనూ తుపాకి వెనక్కి వస్తుంది. పన్నెండు బోరు అన్న మాటలోనే సీసం లెక్క దాగి ఉంది. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లుగా పోస్తే ఒక్కొక్క గుండు ఎంత లావు ఉంటుందో గొట్టం లోపలి వెడల్పు అంత ఉంటుంది.

బర్మింగ్‌హామ్‌లో పేరుమోసిన తుపాకుల తయారీదారు డబ్ల్యూ. డబ్ల్యూ. గ్రీనర్ పేరుతో ఒక సూత్రం నేటికీ వాడుకలో ఉంది. తుపాకి బరువు, అది విసిరే గుళ్ల బరువుకు 96 రెట్లు ఉండాలని ఆ సూత్రం. 30 గ్రాముల గుళ్లున్న తూటాకు 2,880 గ్రాముల తుపాకి కావాలన్నమాట. తేలికైన పాత తుపాకిలో బరువైన కొత్త తూటా వేసి, తన్నుతున్నదని తొడుగు కోసం పరుగెత్తడం తలకిందుల వైద్యం. ముందు తూటాను తేలిక చేసుకోవాలి.

తొడుగు దెబ్బను తగ్గించదు. దెబ్బ తగిలే కాలాన్ని కొంచెం సాగదీస్తుంది. తగిలే చోటును కొంచెం విశాలం చేస్తుంది. ఇటుకను నేల మీద పడేయడానికీ పరుపు మీద పడేయడానికీ ఉన్న తేడా అది. ఇటుక బరువు మారలేదు. అయినా భుజానికి ఆ తేడా చాలా పెద్దది. దెబ్బకు భయపడిన శరీరం, మనసు ఎంత వద్దన్నా, పేల్చే క్షణానికి ముందే కళ్లు మూస్తుంది; భుజం ముడుచుకుంటుంది; వేలు ట్రిగ్గరును నొక్కడానికి బదులు లాగేస్తుంది. ఆ అలవాటు ఒకసారి పట్టుకుంటే వదిలించుకోవడానికి నెలలు పడుతుంది. కమిలిన చర్మం వారంలో మానుతుంది. జంకిన మనసు అంత త్వరగా మానదు. మంచి తొడుగు కాపాడేది ముఖ్యంగా ఆ రెండవదానిని.

పరీక్షాశాల గుమ్మంలో

తుపాకుల పేట నుంచి నగరం తూర్పు అంచుకు వెళ్తే, కాలువకూ రైలు మార్గాలకూ నడుమ బాన్‌బరీ స్ట్రీట్‌లో ఒక పాత కట్టడం ఉంది. 1813లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం ఏర్పడిన తుపాకి గొట్టాల పరీక్షాశాల అది. నేటికీ పని చేస్తున్నది. ఇక్కడ ప్రతి గొట్టాన్నీ మామూలు కంటె ఎక్కువ ఒత్తిడి పుట్టించే తూటాతో పేల్చి చూస్తారు. తట్టుకున్న గొట్టం మీద కిరీటం గుర్తూ అక్షరాలూ పొడుస్తారు. తట్టుకోలేనిది అక్కడే పగిలిపోతుంది, ఎవరి చేతిలోనో పగలడానికి బదులు.

వారసత్వపు తుపాకితో తొడుగు కోసం బయలుదేరినవాడు ఈ గుర్తులను ముందుగా చదివించుకోవడం మంచిది. పాత ఆంగ్ల తుపాకులలో చాలావాటికి తూటా కూర్చునే అర 2½ అంగుళాలు మాత్రమే ఉంటుంది. నేడు ఎక్కువగా దొరికే తూటాలు 2¾ అంగుళాలవి. పేలక ముందు కురచగా ఉన్నందువల్ల పొడవు తూటా కూడా పాత అరలో పట్టినట్లే కనిపిస్తుంది. పేలినప్పుడు దాని మూతి విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరుగుతుంది. ఆ తుపాకి ఎక్కువగా తన్నుతున్నదంటే అది ఫిర్యాదు కాదు, హెచ్చరిక. హెచ్చరిక మీద మెత్తని తోలు కప్పడం కంటె ప్రమాదం మరొకటి లేదు. పాతకాలంలో ఇనుమునూ ఉక్కునూ మెలిపెట్టి చేసిన నీటి అలల గొట్టాల విషయంలో ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి.

పరీక్షాశాల చెప్పే పాఠం ఇదే. దెబ్బను మొదట ఇనుము భరించగలగాలి. ఆ తరువాతే భుజం మాట.

జీన్ల ఊరు

ఇనుము సంగతి తేలిన తరువాత తోలు సంగతి. దానికోసం దూరం పోనక్కరలేదు. బర్మింగ్‌హామ్ న్యూస్ట్రీట్ స్టేషనులో రైలెక్కితే వాయవ్యంగా పదమూడు కిలోమీటర్ల దూరంలో వాల్సాల్ వస్తుంది. అరగంట ప్రయాణం కూడా కాదు. సాహిత్యాభిమానులకు ఇది హాస్య రచయిత జెరోమ్ కె. జెరోమ్ 1859లో పుట్టిన ఊరు. ఊరివారికి మాత్రం ఇది జీన్ల ఊరు. 1888లో ఏర్పడిన తమ ఫుట్‌బాల్ జట్టును నేటికీ జీన్లవాళ్లు అనే ముద్దుపేరుతోనే పిలుచుకుంటారు.

ఇక్కడ మొదట వచ్చింది తోలు కాదు, ఇనుమే. మధ్యయుగాల నుంచి వాల్సాల్ కమ్మరులు గుర్రాల నోటి కళ్లేలు, రికాబులు, బకిళ్లు చేసేవారు. బకిలు చేసే ఊరికి పటకా కుట్టే విద్య రావడం సహజం. పంతొమ్మిదవ శతాబ్దానికి జీన్లూ పగ్గాలూ ఊరి ప్రధాన వృత్తి అయ్యాయి. సైన్యాలూ, బగ్గీలూ, వేటగుర్రాలూ ఉన్నంత కాలం ఊరికి పని కరువు లేదు. మోటారు వచ్చి గుర్రాన్ని పక్కకు తోసింది. అప్పుడు వాల్సాల్ చేతులు చేతిసంచులకూ, పర్సులకూ, ప్రయాణపు పెట్టెలకూ, తుపాకి సంచులకూ మళ్లాయి. ఎలిజబెత్ రాణి చేతికి ఎప్పుడూ వేలాడుతూ ఛాయాచిత్రాలలో కనిపించిన లానర్ చేతిసంచులు ఈ ఊరిలో తయారైనవే. 1988లో ఒక పాత విక్టోరియా కాలపు కర్మాగారంలో తోలు ప్రదర్శనశాలను తెరిచి, ఊరు తన చరిత్రను ఒకచోట చేర్చుకుంది.

జీను కుట్టే విద్య చూడవలసిందే. ఒకే దారం, దానికి రెండు చివరలా రెండు సూదులు. ఆరెతో ముందుగా రంధ్రం పొడిచి, రెండు సూదులనూ ఎదురెదురుగా ఒకే రంధ్రంలో నుంచి దూర్చి లాగుతారు. దారానికి తేనెమైనం పట్టించి ఉంటుంది. యంత్రపు కుట్టులో ఒక చోట దారం తెగితే పక్క కుట్లు కూడా వదులవుతాయి. ఈ చేతికుట్టులో ఒకటి తెగినా పక్కది పట్టుకునే ఉంటుంది. గుర్రపు ఊపునూ రౌతు బరువునూ ఒకేసారి భరించవలసిన జీను కోసం పుట్టిన కుట్టు ఇది. తుపాకి మడమ మీది తొడుగు పని కూడా అంతే. ఒకవైపు కర్ర, మరొకవైపు ఎముక, నడుమ దెబ్బ.

ఎంపిక

తొడుగు చూడటానికి చిన్న వస్తువు. ఎంపిక మాత్రం అంత చిన్నది కాదు.

మొదటిది కొలత. తుపాకి మడమను పై కొన నుంచి కింది కొన వరకు, తరువాత అడ్డంగా, దారంతోనో టేపుతోనో కొలవాలి. తొడుగులు చిన్న, మధ్య, పెద్ద పరిమాణాలలో వస్తాయి. వదులుగా ఉన్న తొడుగు పేల్చినప్పుడల్లా ఒక వెంట్రుకవాసి జరుగుతుంది. గురి కూడా దానితోపాటే జరుగుతుంది. బిగువుగా ఉన్నది తొడగడానికి కష్టపెట్టినా, వాడుతున్నకొద్దీ తోలు కర్ర ఆకారానికి ఒదుగుతుంది. కనుక రెండింటి నడుమ సందేహం వస్తే బిగువైనదే మేలు. పక్కన తాడు అల్లి బిగించే రకం అన్ని కర్రలకూ సర్దుకుంటుంది. రెండు సంవత్సరాల తరువాత తోలు సాగినా మళ్లీ బిగించుకోవచ్చు.

రెండవది మందం. అర అంగుళం నుంచి అంగుళం పైచిలుకు వరకు మందం ఉన్న తొడుగులు దొరుకుతాయి. మందం ఎక్కువైతే మెత్తదనం ఎక్కువ అనుకుని లావుపాటిది తీసుకోవడం సాధారణమైన పొరపాటు. తొడుగు మందమంతా తుపాకి పొడవుకు చేరుతుంది. పొడవు పెరిగితే చెంప కర్ర మీద వెనక్కి జరుగుతుంది. కర్ర వెనక్కి పోయినకొద్దీ వాలుగా దిగుతుంది గనుక కన్ను కిందికి దిగుతుంది. గుళ్లు అనుకున్నదానికంటె కిందుగా పోతాయి. నొప్పి తగ్గి గురి పోయిన తొడుగు ఎవరికి కావాలి? అందువల్ల తుపాకి ఖాళీగా ఉన్నదని రెండుసార్లు చూసుకుని, గోడవైపు తిరిగి, కళ్లు మూసుకుని భుజానికి ఎత్తి, అప్పుడు కళ్లు తెరవాలి. బొటనవేలి కణుపుకూ ముక్కుకూ నడుమ రెండు వేళ్ల ఎడం ఉంటే పొడవు కుదిరినట్లు. మోచేతి మడతలో మడమను ఆనించి వేలు ట్రిగ్గరుకు అందుతున్నదా అని చూసే పాత పద్ధతి నమ్మదగినది కాదు. మెడ పొడవునూ ఛాతీనీ అది లెక్కలోకి తీసుకోదు.

మూడవది బట్టలు. ఇది ఎవరికీ ముందుగా తోచదు. డిసెంబరులో ఉన్ని కోటు, దాని కింద స్వెట్టరు వేసుకున్నవాడికి తుపాకి దానంతట అదే అర అంగుళం పొడవవుతుంది. జూనులో పలచని చొక్కాతో అదే తుపాకి కురచ. కోసి బిగించిన రబ్బరు దిమ్మ రుతువును బట్టి మారలేదు. తొడుగు మారగలదు: వేసవిలో తొడిగి, శీతకాలంలో విప్పవచ్చు. అన్నిటికంటె దీని గొప్పతనం ఇక్కడే ఉంది.

నాలుగవది పై ముఖం. నునుపైన తోలు చొక్కా మీద జారి భుజపు గుంటలోకి చక్కగా వెళ్తుంది. రబ్బరు బట్టను పట్టుకుని మధ్యలోనే ఆగుతుంది. ఎగిరే పక్షికో బిళ్లకో గురిపెట్టినప్పుడు ఆ అరక్షణమే ముఖ్యం. తోలు లోపలి గరుకు వైపును పైకి పెట్టి కుట్టిన తొడుగులు భుజం మీద స్థిరంగా నిలుస్తాయి. కాని ఎత్తేటప్పుడు అంత సులువుగా జారవు. ఎక్కువగా నిలబడి, ముందే భుజాన పెట్టుకుని పేల్చేవాడికి గరుకుది, అప్పటికప్పుడు ఎత్తి పేల్చేవాడికి నునుపుది అనుకూలం. ఏదైనా పై కొన గుండ్రంగా ఉండాలి. కోణంగా ఉంటే చంక దగ్గర బట్టకు తగులుకుంటుంది.

అయిదవది లోపలి దినుసు. తోలు దానంతట అది దెబ్బను పెద్దగా మింగదు. లోపల ఉన్న రబ్బరో, స్పాంజో, జిగట స్వభావం గల కొత్తరకం పాలిమరో ఆ పని చేస్తుంది. బొటనవేలితో గట్టిగా నొక్కి వదిలినప్పుడు వెంటనే ఎగిరి వచ్చేది దెబ్బను తిరిగి ఇచ్చేస్తుంది. నెమ్మదిగా, కొంచెం బద్ధకంగా పైకి వచ్చేది దెబ్బను తనలో ఉంచుకుంటుంది. పూర్తిగా నొక్కుకుపోయి లోపలి కర్ర వేలికి తగిలేది ఎందుకూ పనికిరాదు.

చివరిది బరువు. జంట గొట్టాల తుపాకి తన బిజాగరి దగ్గర త్రాసులా తూగాలని పేటలోని పనివాళ్ల పట్టుదల. మడమకు నూరు గ్రాములు తగిలిస్తే తూకం వెనక్కి జరిగి గొట్టాలు తేలికై అదుపు తప్పుతాయి. కాబట్టి చాలినంత పలచనిదే మంచిది.

కొన్న తరువాత మరొక నియమం ఉంది. ఇంటికి వచ్చాక తొడుగును విప్పి, తుపాకినీ తొడుగునూ వేరువేరుగా ఆరబెట్టాలి. తడిసిన తోలు కర్రను అంటిపెట్టుకుని నెలల తరబడి ఉంటే మెరుగు చెడుతుంది, మరక పడుతుంది. కాపాడటానికి వేసిన తొడుగే కర్రను పాడు చేయడం విడ్డూరం కాదు. అశ్రద్ధ వల్ల జరిగేదే.

తంగేడు చెక్క

వాల్సాల్‌లో తోలు వాసన చూసిన తెలుగువాడికి ఊరు గుర్తుకు రావడానికి కారణం ఉంది. పంతొమ్మిదవ శతాబ్దంలోనూ ఆ తరువాత కొన్ని దశాబ్దాలూ మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి బ్రిటనుకు సగం పదును చేసిన తోళ్లు ఓడల కొద్దీ వెళ్లేవి. అక్కడివారు వాటిని ఈస్టిండియా తోళ్లు అనేవారు. పదును చేయడానికి వాడినది మన మెట్టనేలల్లో పచ్చగా పూసే తంగేడు చెక్క. బతుకమ్మలో పేర్చే పూలు ఏ చెట్టువో, ఆ చెట్టు బెరడే పచ్చితోలును కుళ్లకుండా నిలిపి, లేత రంగు ఇచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికుల బూట్ల పైభాగాలకు ఈ తోలు వెళ్లింది. తరువాత ఇతర చెక్కలూ రసాయనాలూ తంగేడు స్థానాన్ని ఆక్రమించాయి. ఈ తోలుకు 2008లో భౌగోళిక గుర్తింపు లభించింది.

తుపాకి మాత్రం అటునుంచి ఇటు వచ్చింది. బర్మింగ్‌హామ్, లండన్ ముద్రలున్న జంట గొట్టాల తుపాకులు సంస్థానాధీశుల వేట శిబిరాలకు వచ్చాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఆ వేట ముగిసింది. పన్నెండు బోరు తుపాకి భారతదేశంలో క్రీడా మైదానానికి మారి, అక్కడ వేరే కీర్తి సంపాదించింది. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ డబుల్ ట్రాప్‌లో రజత పతకం గెలిచాడు. ట్రాప్ పోటీలో తొలిదశలోనే 125 బిళ్లలు ఎగురుతాయి; ఒక్కొక్కదానికి రెండు తూటాలు వాడవచ్చు. తూటాలో గుళ్లు 24 గ్రాములకు మించకూడదన్న నియమం ఉన్నా, అన్ని దెబ్బలు భుజం మీద పడితే తొడుగు విలాసం కాదని ఎవరికైనా అర్థమవుతుంది.

గాల్టన్ జవాబు

మళ్లీ స్టీల్‌హౌస్ లేన్. ఇక్కడ తుపాకులు అమ్మిన శామ్యూల్ గాల్టన్ క్వేకరు. యుద్ధం పాపమని నమ్మే శాంతివాద క్రైస్తవ సమాజంలో పుట్టినవాడు. పేటలో తయారైన తుపాకులు సైన్యాలకే కాదు, ఆఫ్రికా తీరంలో బానిస వ్యాపారానికీ వెళ్లాయి. 1790వ దశకంలో సమాజం వారు ఆయనను నిలదీశారు. ఆయన ముద్రించి పంచిన జవాబులో రెండు వాదాలు ముఖ్యం. ఈ వ్యాపారం తాను కోరి ఎంచుకున్నది కాదు, తండ్రి నుంచి వచ్చింది. యుద్ధానికి పన్ను కట్టేవారూ, సరుకు అమ్మేవారూ అందరూ అందులో భాగస్వాములే అయినప్పుడు తన ఒక్కడిదే తప్పెలా అవుతుంది? సమాజం ఆ జవాబును అంగీకరించలేదు. 1796లో ఆయనను వెలివేసింది. చరిత్రకారిణి ప్రియా సత్యా 2018లో ప్రచురించిన గ్రంథంలో ఈ వాదాన్ని తేలికగా కొట్టిపారేయకుండా, బ్రిటన్ పారిశ్రామిక జీవితమే తుపాకులతో ఎంతగా పెనవేసుకుని ఉన్నదో చూపింది.

గాల్టన్ చేసిన పని ఒక రకంగా తొడుగు తొడగడమే. దెబ్బ తనకు మాత్రమే తగలకుండా అందరి భుజాల మీదికీ పరిచాడు. నొప్పి తగ్గి ఉండవచ్చు. దెబ్బ పుట్టిన చోటు మాత్రం మారలేదు.

తాత తుపాకిని చేతపట్టుకుని దుకాణం మెట్లెక్కే మనిషికి ఇంత చరిత్ర తెలియనక్కరలేదు. అతనికి కావలసింది తన భుజానికి సరిపోయే ఒక తొడుగు. అయినా మంచి పనివాడు అతన్ని అడిగే ప్రశ్నలలో ఈ చరిత్ర సారమంతా ఉంది. ఏ తూటా వాడుతున్నారు? గొట్టం పరీక్ష ముద్రలు చూశారా? ఎవరి కోసం చేసిన తుపాకి ఇది? మీ తరువాత ఎవరికి పోతుంది? ఈ నాలుగింటికీ జవాబు దొరికిన తరువాతే అతను అరలో నుంచి తొడుగు తీస్తాడు. మడమకు తొడిగి, తాడు బిగించి, కాసేపు ఎత్తి చూడమంటాడు. కుదరకపోతే విప్పి మరొకటి తొడుగుతాడు. రంపం మాత్రం గోడకే వేలాడుతూ ఉంటుంది.